రోమన్ నాణేలు సేకరించాలంటే: చూడటం నుంచి కార్డు రాసేదాకా

నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో భూమిలోంచి బయటపడ్డ ఒక నిధిలో 1,531 రోమన్ వెండి నాణేలున్నాయి. లంకెబిందెలంటే మనకు వరహాలు, మాడలు, కాసులే గుర్తొస్తాయి. మధ్యధరా సముద్రం ఒడ్డున చెలామణీ అయిన వెండి బిళ్ళలు అన్ని వేల మైళ్లు దాటొచ్చి మన మట్టిలో కుప్పగా ఎందుకు పడి ఉన్నాయి? ఈ ప్రశ్న తలకెక్కిన రోజునే నాకు రోమన్ నాణేల మీద మనసు పడింది. అప్పటినుంచి ఒకటొకటిగా పోగేస్తూ, తప్పులు చేస్తూ, దిద్దుకుంటూ నేర్చుకున్నదంతా వరసగా చెబుతాను.

ఇది డబ్బున్నవాళ్ల వ్యవహారం అనుకుని వెనకాడకండి. 4వ శతాబ్దపు చిన్న కంచు నాణేలు విదేశీ మార్కెట్లో పదీ ఇరవై డాలర్లకు కూడా దొరుకుతాయి. అన్ని లక్షల సంఖ్యలో అచ్చు వేశారు, అన్ని మిగిలాయి. మీ దగ్గర ఉండాల్సింది ఓపిక.

మొదటి పని: కొనకండి, చూడండి

కనీసం ఆరు నెలలు ఏమీ కొనకుండా చూస్తూ గడపండి. ఈ మాట చెబితే చాలామంది నీరసపడతారు. కానీ నకిలీని పట్టుకునేది పుస్తకజ్ఞానం కంటే ముందు కన్ను. వెయ్యి అసలు నాణేలు చూసిన కంటికి నకిలీ ఎదురైతే ఎక్కడో ఏదో తేడా కొడుతుంది. ఆ తేడా ఏమిటో తర్వాత తీరిగ్గా వెతుక్కోవచ్చు.

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో నాణేల విభాగం ఉంది. చెన్నై ఎగ్మోర్‌లోని ప్రభుత్వ మ్యూజియం సేకరణలో దక్షిణాదిన దొరికిన రోమన్ నాణేలు బాగా ఉన్నాయి. వెళ్లేముందు ఆ గ్యాలరీ తెరిచి ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. నాణేల గదులు తరచూ మూసి ఉంటాయి. ఇంట్లో కూర్చుని చూడాలంటే అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వాళ్ల ‘ఓసీఆర్‌ఈ’ అనే ఉచిత వెబ్‌సైటు ఉంది. రోమ్ చక్రవర్తుల నాణేలన్నీ రకాలవారీగా, ఫొటోలతో సహా అందులో దొరుకుతాయి. ప్రతి రకానికీ ‘ఆర్‌ఐసీ’ నంబరు ఒకటి కనిపిస్తుంది. రోమన్ చక్రవర్తుల నాణేల ప్రామాణిక జాబితాలో ఆ రకానికిచ్చిన సంఖ్య అది. సేకరించేవాళ్ల లోకంలో నాణేనికి అదే ఇంటిపేరు లాంటిది. ఇప్పటినుంచే ఆ నంబర్లకు అలవాటు పడండి.

చూసేటప్పుడు ఒక అభ్యాసం చేయండి. పేరు చూడకుండా, ముఖాన్ని బట్టి చక్రవర్తి ఎవరో చెప్పడానికి ప్రయత్నించండి. నీరోకి మెడ బాగా లావు. వెస్పాసియన్‌ది బట్టతల, నుదుటి మీద ముడతలు, పొలంలో పనిచేసి వచ్చిన పెద్దాయనలా ఉంటాడు. హేడ్రియన్‌కి గడ్డం ఉంటుంది. ఆయన తర్వాత చాలాకాలం పాటు రోమ్‌లో గడ్డమే పద్ధతి. చూడగా చూడగా చుట్టాల పెళ్లి ఆల్బంలో మనుషుల్ని గుర్తుపట్టినట్టు గుర్తుపడతారు.

లెక్క తెలుసుకోండి

వెండి నాణెం పేరు డెనారియస్. కార్తేజ్ సేనాని హన్నిబాల్‌తో రోమ్ ప్రాణాలకు తెగించి పోరాడుతున్న రోజుల్లో, క్రీ.పూ. 211 ప్రాంతంలో ఇది పుట్టింది. శ్రీనాథుడికి దీనార టంకాలతో కనకాభిషేకం జరిగిందని చిన్నప్పుడు చదువుకున్నాం కదా, ఆ దీనారం అనే మాటకు మూలం ఈ డెనారియసే. తెలుగు బైబిల్లో ‘దేనారము’ అన్నదీ ఇదే.

చక్రవర్తుల తొలినాళ్లలో లెక్క ఇలా ఉండేది. ఒక బంగారు ఆరియస్‌కి 25 డెనారియస్‌లు. ఒక డెనారియస్‌కి 4 సెస్టర్షియస్‌లు. సెస్టర్షియస్ ఇత్తడిది, 25 గ్రాముల దాకా తూగే పెద్ద బిళ్ళ. దాని కింద డుపోండియస్, దానికీ కింద రాగి ‘ఆస్’. డెనారియస్‌కి 16 ఆస్‌లు. మనవాళ్లు అణాలతో లెక్కపెట్టినట్టే పదహారు. పాత అణాల లెక్క వచ్చిన ఇంట్లో పెద్దవాళ్లకు ఇది చెప్పి చూడండి, వెంటనే పట్టేస్తారు.

ఇక ఇందులో అసలు కథ వెండి తగ్గిపోవడం. ఆగస్టస్ కాలంలో డెనారియస్ 3.9 గ్రాముల దాకా తూగేది, దాదాపు స్వచ్ఛమైన వెండి. క్రీ.శ. 64లో నీరో బరువూ తగ్గించాడు, వెండిలో రాగీ కలిపాడు. సెప్టిమియస్ సెవెరస్ నాటికి వెండి సుమారు సగానికి దిగింది. 215లో కారకల్లా కొత్త నాణెం తెచ్చాడు. చక్రవర్తి తలమీద సూర్యకిరణాల కిరీటం ఉంటుంది, ఇప్పటివాళ్లు దాన్ని ఆంటోనినియానస్ అంటారు. రెండు డెనారియస్‌ల విలువ అని చలామణీలో పెట్టి, అందులో ఒకటిన్నర డెనారియస్‌ల వెండే వేశారు. అక్కడినుంచి దిగజారుడే. 260లో వలేరియన్ చక్రవర్తి పర్షియా రాజు షాపూర్‌కి బందీగా చిక్కాడు. వలేరియన్ కొడుకు గాలియెనస్ పాలన చివరికొచ్చేసరికి ఆ నాణెంలో వెండి నూటికి ఐదు పాళ్లు కూడా లేదు. రాగిబిళ్ళ మీద వెండి పూత, అంతే.

ఇందులో నాకు నచ్చే సంగతి ఏమిటంటే, ఈ చరిత్రను అరచేతిలో పెట్టుకుని చూడొచ్చు. ట్రాజన్ డెనారియస్, మూడో గోర్డియన్ ఆంటోనినియానస్, గాలియెనస్ ఆంటోనినియానస్ పక్కపక్కన పెట్టండి. మొదటిది తెల్లగా, రెండోది బూడిదరంగులో, మూడోది గోధుమరంగు రాగిలా ఉంటుంది. సైన్యానికి జీతాలివ్వడానికి ఖజానాలో వెండి చాలక ఒక సామ్రాజ్యం పడ్డ అవస్థ ఆ మూడు రంగుల్లో కనిపిస్తుంది.

ఒక దారి పట్టుకోండి

కనిపించిందల్లా కొంటే చివరికి మిగిలేది చిల్లర డబ్బా. ముందే ఒక ప్రశ్న పెట్టుకోండి, దానికి జవాబిచ్చే నాణేలే కొనండి.

కొందరు ఒక్కో చక్రవర్తివి ఒక్కోటి చొప్పున పోగేస్తారు. వినడానికి బాగుంటుంది గానీ, కొద్ది నెలలు మాత్రమే ఏలినవాళ్ల దగ్గర ఆగిపోతారు. 193లో రాజభటులు సింహాసనాన్ని వేలం వేస్తే కొనుక్కున్న డిడియస్ జూలియానస్ నాణెం కావాలంటే జేబు ఖాళీ అవుతుంది. కొందరు మార్క్ ఆంటొనీ సైనిక దళాల డెనారియస్‌ల మీద పడతారు. ఆక్టియం యుద్ధానికి ముందు, క్రీ.పూ. 32-31లో, తన సైన్యానికి జీతాలివ్వడానికి ఆయన వేయించిన నాణేలవి. ఒకవైపు ఓడ, రెండోవైపు దళం నంబరు, మధ్యలో గద్ద ధ్వజం. ఇంకొందరు 248లో రోమ్ నగరానికి వెయ్యేళ్లు నిండినప్పుడు ఫిలిప్ చక్రవర్తి వేయించిన సింహం, నీటిగుర్రం, జింక బొమ్మల నాణేలు వెతుకుతారు. పిల్లలున్న ఇంట్లో ఇది మంచి దారి.

నా సలహా అడిగితే, 330 తర్వాతి కాన్‌స్టాంటైన్ కుటుంబపు కంచు నాణేలతో మొదలుపెట్టండి. చవక, విరివిగా దొరుకుతాయి, అక్షరాలు చదవడం నేర్పుతాయి. చెయ్యి తిరిగాక మన గడ్డతో ముడిపడ్డ నాణేల వైపు రండి. వాటి సంగతి కాసేపట్లో చెబుతాను.

బొమ్మా బొరుసూ చదవండి

ముఖం ఉన్న వైపు బొమ్మ, రెండోది బొరుసు. లాటిన్ రాకపోయినా పర్వాలేదు. పాతిక ముప్పై పొడి అక్షరాలు తెలిస్తే నూటికి తొంభై నాణేలు లొంగుతాయి. ‘యు’ అక్షరం ఉండదు, దాని బదులు ‘వి’ చెక్కుతారు. అందుకే ఆగస్టస్ బిరుదును ‘ఏ వి జి’ అని మూడక్షరాల్లో రాస్తారు. ‘ఐ ఎం పి’ అంటే సేనాధిపతి, చక్రవర్తి. ‘పి ఎం’ అంటే ప్రధాన పురోహితుడు. ‘సి ఓ ఎస్’ అంటే కాన్సల్ పదవి, పక్కన అంకె ఉంటే ఎన్నోసారో తెలుస్తుంది. ‘టి ఆర్ పి’ మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి, అది ట్రిబ్యూన్ అనే ప్రజల ప్రతినిధికి ఉండే అధికారం. ఆ అధికారాన్ని చక్రవర్తికి ఏటేటా కొత్తగా ఇచ్చేవాళ్లు, పక్కనున్న అంకె ఏటేటా పెరుగుతుంది. దాంతో నాణెం ఏ సంవత్సరానిదో చెప్పేయొచ్చు. పెద్ద కంచు, ఇత్తడి నాణేల బొరుసు మీద ‘ఎస్ సి’ అనే రెండక్షరాలు పెద్దగా కనిపిస్తాయి. సెనేట్ తీర్మానం ప్రకారం వేసింది అని అర్థం.

ఇప్పుడు ఒక నాణేన్ని చేతిలోకి తీసుకుందాం. వేలి గోరంత వెడల్పు, ముదురు ఆకుపచ్చ. బొమ్మ వైపు కుర్రాడి ముఖం, తలమీద ఆకుల దండ. చుట్టూ కాన్‌స్టాంటినస్ అని పేరు, తర్వాత ‘ఐ వి ఎన్’, తర్వాత ‘ఎన్ ఓ బి సి’. ‘ఐ వి ఎన్’ అంటే చిన్నవాడు. ‘ఎన్ ఓ బి సి’ అంటే మహా ఘనుడైన సీజర్, అంటే యువరాజు. కాబట్టి ఇది తండ్రి కాన్‌స్టాంటైన్‌ది కాదు, అదే పేరున్న కొడుకుది. తిప్పి బొరుసు చూడండి. ఇద్దరు సైనికులు ఈటెలు పట్టుకుని ఎదురెదురుగా నిలబడ్డారు, మధ్యలో రెండు ధ్వజాలు. చుట్టూ ‘సైన్యానికి కీర్తి’ అని లాటిన్‌లో రాసి ఉంది. సైనికుల కాళ్ల కింద గీత గీసి, దానికింద ‘ఎస్ ఎం కె ఏ’. మొదటి రెండక్షరాలూ రాజ టంకశాల అనడానికి గుర్తు. ‘కె’ అంటే కిజికస్ నగరం, ఇప్పటి టర్కీలో మర్మరా సముద్రం ఒడ్డున ఉండేది. చివరి ‘ఏ’ గ్రీకు అంకె, ఒకటి. ఆ టంకశాలలో ఒకటో నంబరు పనిశాల. పదిహేడు వందల ఏళ్ల కిందట ఒక బిళ్ళ ఏ ఊళ్లో, ఏ పనిశాలలో సుత్తిదెబ్బ తిన్నదో మీరు చదివేశారు.

ఇదే రకంలో ఒక్క ధ్వజమే ఉన్న నాణేలూ వస్తాయి. 335 ప్రాంతంలో నాణెం బరువు తగ్గించారు, దాంతోపాటే బొమ్మలో ఒక ధ్వజం తీసేశారు. రెండూ సంపాదించి కాటా మీద పెట్టి చూడండి.

మన గడ్డమీది రోమన్ నాణేలు

దక్షిణ భారతంలో దొరికిన రోమన్ వెండి నిధుల్లో మళ్లీ మళ్లీ కనిపించేవి రెండే రకాలు. ఒకటి టైబీరియస్‌ది. బొరుసు మీద చేతిలో కొమ్మ, రాజదండం పట్టుకుని కూర్చున్న స్త్రీ. కైసరువి కైసరుకు చెల్లించమని క్రీస్తు చూపించిన నాణెం ఇదే అయి ఉంటుందని చాలామంది భావిస్తారు. అందుకే దీనికి ప్రపంచమంతా గిరాకీ, ధర కూడా వందల డాలర్లలో ఉంటుంది.

రెండోది ఆగస్టస్‌ది, నా మనసుకు దగ్గరైనది. క్రీ.పూ. 2 ప్రాంతం నుంచి లుగ్డునంలో, అంటే ఇప్పటి ఫ్రాన్సులోని లియాన్‌లో వేశారు. బొరుసు మీద ఇద్దరు కుర్రాళ్లు నిలబడి ఉంటారు, వాళ్ల మధ్య రెండు డాళ్లు, రెండు ఈటెలు. వాళ్లు గాయస్, లూసియస్. ఆగస్టస్ కూతురు జూలియా బిడ్డలు. ముసలాయనకు మగపిల్లల్లేక మనవళ్లనే దత్తత తీసుకుని, తన తర్వాత రాజ్యం వీళ్లదేనని లోకానికి చాటడానికి ఈ నాణెం వేయించాడు. క్రీ.శ. 2లో లూసియస్ చనిపోయాడు, 4లో గాయస్. వారసులు పోయారు, నాణేలు మాత్రం ఓడలెక్కి మిరియాలకూ ముత్యాలకూ సన్నబట్టలకూ మారకంగా మన తీరాలకు వచ్చిపడ్డాయి. ఆ ఇద్దరు పిల్లల పేర్లు కూడా తెలియని ఊళ్లలో మనవాళ్లు వాటిని కుండల్లో పోసి పాతిపెట్టుకున్నారు.

ఈ వ్యాపారం ఊహ కాదు. 1వ శతాబ్దంలో ఈజిప్టు నుంచి వచ్చిపోయే గ్రీకు వర్తకుడెవరో రాసిపెట్టిన సముద్రయాన వివరాల్లో మసాలియా తీరం పేరుంది, అక్కడ నేసే సన్నబట్టల ప్రస్తావనా ఉంది. అది మన కృష్ణా ముఖద్వారం. 2వ శతాబ్దంలో భూగోళ పండితుడు టాలెమీ చెప్పిన కొంటకొస్సైలా మన ఘంటసాలేనని పండితులంటారు. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్షియస్‌లు లాగేసుకుంటోందని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. నీరో తర్వాతి వెండి నాణేలు మన దగ్గర బాగా తక్కువ. వెండి తగ్గిన సంగతి మన వర్తకులు కనిపెట్టి పాతవే అడిగారన్నది దీనికి చెప్పే కారణాల్లో ఒకటి. గీటురాయి పట్టిన చేతులు కదా, ఆ మాట నాకు నమ్మదగ్గదిగానే అనిపిస్తుంది.

ఒక హెచ్చరిక. మన దేశంలో దొరికిన రోమన్ బంగారు నాణేల్లో కొన్నిటికి చక్రవర్తి ముఖం మీద ఉలితో గాటు పెట్టి ఉంటుంది. 1898లో పుదుక్కోట్టైలో దొరికిన 501 బంగారు నాణేల్లో ఎక్కువభాగం ఇలాంటివే. కొన్నిటికి చిల్లులుంటాయి, కొన్నిటికి కొక్కేలు అతికించి ఉంటాయి. మెళ్లో కాసులపేరు వేసుకునే దేశం మనది. చక్రవర్తి బొమ్మను అనుకరించి, అర్థంలేని అక్షరాలు చెక్కి మనవాళ్లే తయారుచేసిన నాణేలూ ఉన్నాయి. ఇవి చూసి పాడైపోయిన సరుకనుకుని పక్కన పెట్టకండి. ఆ గాటు, ఆ చిల్లు పడ్డది ఇక్కడే. ఆ నాణెం బతుకులో మన భాగం అది.

చట్టం తెలుసుకోకుండా రూపాయి తీయకండి

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు. లైసెన్సు లేనివాళ్లు వాటితో వ్యాపారం చేయకూడదు. ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. కొనేటప్పుడు అమ్మే వ్యక్తి దగ్గర లైసెన్సు ఉందా అని నేరుగా అడగండి. నసిగితే లేచి వచ్చేయండి. రసీదు తప్పనిసరి, దానిమీద నాణెం వివరాలు, బరువు, ఫొటో ఉండేలా చూసుకోండి.

అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న మనవాళ్లకు అక్కడి మార్కెట్లో సులువుగా దొరుకుతాయి. అయితే ఇండియాకి తెచ్చే ముందు కస్టమ్స్, పురావస్తు శాఖ నిబంధనలు కనుక్కోండి. ఒకసారి ఇక్కడికి వచ్చాక మళ్లీ బయటికి తీసుకెళ్లాలంటే ఇదే చట్టం అడ్డు నిలబడుతుంది.

పొలం దున్నుతుంటేనో పునాది తవ్వుతుంటేనో కుండ బయటపడితే 1878 నాటి నిధుల చట్టం వర్తిస్తుంది. కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే శిక్ష ఉంది. తెలిపినవాళ్లకు ఆ చట్టంలోనే హక్కులూ ఉన్నాయి, భయపడి కంసాలి దగ్గర కరిగించేయకండి. కుండలో ఏ నాణేలు ఏ నాణేలతో కలిసి ఉన్నాయన్నదే చరిత్రకు ఆధారం. కుండ చెదిరితే ఆ ఆధారం పోయినట్టే. చుట్టుపక్కల పాత దిబ్బల మీద మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరిగేవాళ్ల దగ్గర ఎంత చవకైనా కొనొద్దు.

పెద్ద వేలాల్లో కూడా జాగ్రత్త అవసరం. జూలియస్ సీజర్‌ని చంపిన తర్వాత బ్రూటస్ రెండు బాకులు, మధ్యలో విముక్తి టోపీ బొమ్మతో క్రీ.పూ. 42లో నాణెం వేయించాడు. దాని బంగారు ప్రతి ఒకటి 2020లో లండన్ వేలంలో 32 లక్షల పౌండ్లకు పైగా పలికింది. తర్వాత దాని పూర్వ యజమానుల కాగితాలు కల్పితమని తేలి, 2023లో నాణెం గ్రీసు దేశానికి తిరిగి వెళ్లింది. ‘ఇది ఇంతకుముందు ఎవరి దగ్గర ఉంది, కాగితం ఏది’ అని అడగడం మీ హక్కు.

నకిలీని పట్టుకోవడం

నా రెండో కొనుగోలు నకిలీ. ఒక నాణేల ప్రదర్శనలో వెస్పాసియన్ డెనారియస్ అని ఇచ్చారు, ముఖం చూసి మురిసిపోయాను. ఇంటికొచ్చి తూస్తే 2.4 గ్రాములు. ఉండాల్సింది 3.2కి అటూ ఇటూ. భూతద్దం పెట్టి అంచు చూస్తే చుట్టూ సన్నటి గీత, దాన్ని ఆకురాయితో రాసిన గుర్తులు. పోతపోసిన బిళ్ళ అది. కొన్ని నెలలకు ఇంకోచోట అదే ముఖం, అదే చెవికింద గీత, అదే చోట అంచు విరుపు ఉన్న మరో బిళ్ళ కనిపించింది. సుత్తితో కొట్టిన రెండు నాణేలకు అచ్చు ఒకటే అయినా అంచులు, పగుళ్లు ఒకేలా ఉండవు. అవి కూడా ఒకేలా ఉన్నాయంటే రెండూ ఒకే పోతలోంచి వచ్చినట్టు.

కాబట్టి మీ దగ్గర రెండు పనిముట్లు ఉండాలి. బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా, కంసాలులు కంటికి పెట్టుకునే పది రెట్ల భూతద్దం. ముందు తూచండి. ఆ రకానికి ఉండాల్సిన బరువు ఓసీఆర్‌ఈలోని నాణేలతో పోల్చుకోండి. తర్వాత అంచు చూడండి. అసలు నాణెం అంచుకు సుత్తిదెబ్బకు సాగిన చిన్న చిన్న పగుళ్లుంటాయి, చుట్టూ అతుకు గీత ఉండదు. తర్వాత ఉపరితలం. పోతపోసినదాని మీద సూదిమొనంత బుడగల గుంటలుంటాయి, అక్షరాల అంచులు అరిగిన సబ్బుబిళ్ళలా మొద్దుగా ఉంటాయి. అసలు నాణెం అరిగిపోయినా అక్షరం పాదం దగ్గర పదును మిగులుతుంది.

ఒక్క చిక్కు ఉంది. వెండి పొర కింద రాగి కనిపిస్తే వెంటనే నకిలీ అని కొట్టిపారేయకండి. రోమన్ కాలంలోనే దొంగ నాణేలు చేసేవాళ్లు రాగిబిళ్ళకు వెండి రేకు చుట్టి అచ్చు వేసేవాళ్లు. రెండు వేల ఏళ్ల నాటి దొంగతనం అది. అలాంటివాటినే ప్రత్యేకంగా సేకరించేవాళ్లున్నారు. మరోవైపు 16వ శతాబ్దంలో పాడువా నగరపు జొవాన్నీ కవీనో రోమన్ నాణేల తరహాలో చేసిన పతకాలు, 19వ శతాబ్దంలో జర్మనీవాడు బెకర్ చెక్కిన అచ్చులు పండితుల్నే తికమకపెట్టాయి. అందుకే మొదటి ఏడాది ఖరీదైన నాణేల జోలికి పోవద్దని చెబుతున్నాను. పది డాలర్ల నాణేనికి నకిలీ చేసేవాళ్లు తక్కువ.

కడగొద్దు, తోమొద్దు

మన ఇళ్లలో ఇత్తడి కుందులు చింతపండుతో తోమడం అలవాటు. నా మొదటి కాన్‌స్టాంటైన్ నాణేన్ని కిటికీ గూట్లో పెట్టి ఊరెళితే, మా అమ్మ పండగ ముందు పూజ సామానుతో కలిపి చింతపండు, ముగ్గుపిండితో తోమి తళతళలాడించింది. ప్రేమతోనే చేసింది. కానీ ఆకుపచ్చ పొరతో పాటు అక్షరాలు సగం పోయాయి, ‘ఎస్ ఎం’ తర్వాత ఏ ఊరో ఇక ఎప్పటికీ తెలియదు. కంచు నాణెం మీద శతాబ్దాలపాటు గట్టిపడ్డ ఆ నున్నటి పొరే దానికి చర్మం. బొమ్మ వివరాలు ఆ పొరలోనే ఉంటాయి. చింతపండు, నిమ్మరసం, వెనిగర్, పాత్రలు తోమే పొడి ఏదీ దగ్గరికి రానీయకండి. ఇంట్లో అందరికీ ముందే చెప్పి పెట్టండి.

మట్టి గట్టిగా పట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్లో నానబెట్టండి. బ్యాటరీలకు పోసేదే, మందుల షాపులోనూ దొరుకుతుంది. రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చండి. వారాలు పట్టొచ్చు, పట్టనివ్వండి. మధ్యమధ్య మెత్తటి టూత్‌బ్రష్‌తో తేలిగ్గా, ఊడొచ్చే మట్టిని మాత్రం తీయండి. వెదురు పుల్ల మొన వాడొచ్చు, ఇనుప సూది వద్దు. వెండి నాణెం నల్లబడితే అలాగే ఉంచేయండి. ఆ నలుపు మీదే ముఖం బాగా ఎత్తుగా కనిపిస్తుంది.

కంచు నాణెం మీద లేత ఆకుపచ్చ పొడి కనిపించిందా, గోరుతో గీకితే రాలుతోందా? అది మామూలు చిలుము కాదు, లోపలి క్లోరైడ్ తేమతో కలిసి లోహాన్ని తినేస్తోంది. దీన్ని కంచు రోగం అంటారు. విశాఖ, మచిలీపట్నం, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో వానాకాలం మొదలయ్యాక ఎక్కువ చూస్తాం. వెంటనే ఆ నాణేన్ని మిగతావాటి నుంచి వేరు చేయండి. డిస్టిల్డ్ వాటర్లో నానబెట్టి, పొడిని తీసి, పూర్తిగా ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లాలున్న గట్టి మూత డబ్బాలో పెట్టండి. నెలనెలా తీసి చూడండి. ముదిరితే మ్యూజియంలో లోహపు వస్తువుల్ని బాగుచేసేవాళ్లని అడగడం మేలు.

దాచడానికి మెత్తటి పీవీసీ కవర్లు వాడకండి. కొన్నేళ్లకు వాటిలోంచి జిడ్డు కారి నాణేనికి పచ్చగా అంటుకుంటుంది. గట్టి మైలార్ కవర్లు గానీ, ఆమ్లం లేని చిన్న కాగితపు కవర్లు గానీ తీసుకోండి. పట్టుకునేటప్పుడు అంచులే పట్టుకోండి, కింద మెత్తటి గుడ్డ పరచుకోండి. గచ్చుమీద పడితే పాత వెండి చిట్లుతుంది.

కార్డు రాయండి

ప్రతి నాణేనికీ ఒక కార్డు. పోస్టుకార్డులో సగమంత చాలు. పైన వరస నంబరు. తర్వాత ఎవరి నాణెం, ఏ రకం, ఏ టంకశాల, ఏ సంవత్సరం, ఆర్‌ఐసీ నంబరు. బరువు గ్రాముల్లో రెండు దశాంశాల వరకు, వెడల్పు మిల్లీమీటర్లలో. బొమ్మ మీది అక్షరాలు మీకు కనిపించినవి కనిపించినట్టు, చెరిగినచోట చుక్కలు. ఎక్కడ కొన్నారు, ఎప్పుడు, ఎంతకు, రసీదు ఏ ఫైల్లో ఉంది. రెండు వైపులా ఫొటో తీసి, అదే నంబరు పెట్టి ఫోన్లోనూ ఇంకోచోటా దాచండి. పక్కనుంచి కిటికీ వెలుతురు పడేలా తీస్తే అక్షరాలు లేస్తాయి, ఫ్లాష్ వేస్తే చదునైపోతాయి.

చివరి గీతమీద దొరికిన చోటు రాయాలి. మార్కెట్లో కొన్నవాటికి చాలాసార్లు అది తెలియదు. నా దగ్గరున్న ఆగస్టస్ డెనారియస్ కార్డు ఇలా ఉంటుంది: ‘నంబరు 31. ఆగస్టస్. బొరుసు: గాయస్, లూసియస్, డాళ్లు, ఈటెలు. లుగ్డునం. 3.71 గ్రాములు. బుగ్గమీద చిన్న గాటు, పాతది. దొరికిన చోటు: తెలియదు.’ ఆ చివరి గడి ఖాళీగా వదిలేయకండి, తెలియదనే రాయండి. అదే గాటు, అదే రంగు మట్టి ఉన్న నాణెం ఏ మ్యూజియం నిధిలోనైనా కనిపిస్తే, పోల్చి చూడటానికి ముందుగా తీయాల్సింది ఆ కార్డులనే.